పాఠం 9: సైకిలు చైను – శుభ్రపరచడం, నూనె వేయడం, మార్చడం

9.1 ఉపోద్ఘాతం

తెల్లవారుజామున రెండు పాలక్యాన్లు సైకిలుకు తగిలించుకొని పట్నం బయలుదేరే మనిషిని మీరు చూసే ఉంటారు. కాలువ వంతెన ఎక్కేటప్పుడు అతడు సీటు మీద నుంచి లేచి, బరువంతా పెడలు మీద మోపి తొక్కుతాడు. సరిగ్గా అప్పుడే చైను పళ్ళ మీద నుంచి ఎగిరిందనుకోండి. పెడలు ఒక్కసారిగా కిందికి జారుతుంది. మనిషి ముందుకు తూలుతాడు. క్యాన్లు ఒరుగుతాయి. పాలు నేలపాలు కావడం ఒక నష్టం. వెనుక లారీ వస్తూ ఉంటే జరిగే నష్టం వేరు.

“నిన్నటి దాకా బాగానే నడిచింది” అని అతడు అనవచ్చు. కాని చైను ఒక్క రాత్రిలో పాడుకాదు. నెలల తరబడి మనకు కనిపించకుండా అరుగుతూ వస్తుంది. ఆ అరుగుదలను ముందుగానే కనిపెట్టడానికి ఒక ఇనుప టేపు చాలు. దానిని తగ్గించడానికి కొంచెం కిరసనాయిలు, కొన్ని నూనె చుక్కలు, ఒక పాతగుడ్డ చాలు.

తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో 1991లో మొదలైన అక్షరాస్యతా ఉద్యమం చదువుతో పాటు సైకిలు తొక్కడం కూడా నేర్పింది. వేలాది గ్రామీణ మహిళలు నేర్చుకున్నారు. బస్సు కోసమో, ఇంట్లో మగవాళ్ళ కోసమో ఎదురుచూడకుండా తమ పనులకు తామే వెళ్ళగలిగారు. సైకిలు తొక్కడం వస్తే సగం స్వేచ్ఛ వచ్చినట్లు. దానిని బాగుగా ఉంచుకోవడం కూడా వస్తే మిగిలిన సగం వస్తుంది. ఈ పాఠంలో ఆ రెండవ సగంలోని ఒక ముఖ్యమైన పనిని నేర్చుకుందాం.

9.2 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• చైనులోని భాగాలను గుర్తించగలుగుతారు.
• చైను ఎందుకు “సాగుతుందో” వివరించగలుగుతారు.
• చైనును విప్పి, కడిగి, తగిన నూనెను తగినంత వేయగలుగుతారు.
• చైనును కొలిచి, మార్చాలో వద్దో మీరే నిర్ణయించగలుగుతారు.
• కొత్త చైనును సరిగా బిగించగలుగుతారు.
• ఒక పనిని వరుస తప్పకుండా చెప్పే వాక్యాలు రాయగలుగుతారు.

9.3 చైను నిర్మాణం

పెడళ్ళ దగ్గర ఒక పెద్ద పళ్ళచక్రం, వెనుక చక్రం దగ్గర ఒక చిన్న పళ్ళచక్రం ఉంటాయి. వెనుక ఉన్నదానిని ఫ్రీవీలు అంటారు. పెడలు ఆపినా బండి ముందుకు సాగిపోయేలా చేసేది ఇదే. ముందు చక్రం శక్తిని వెనుక చక్రానికి అందించేది చైను.

ఈ రకం చైనును 1880లో ఇంగ్లండులోని మాంచెస్టరులో హాన్స్ రెనోల్డ్ అనే ఇంజనీరు తయారుచేశాడు. 1885లో వచ్చిన రోవర్ సైకిలులో పెడళ్ళ నుంచి వెనుక చక్రానికి చైను ద్వారా శక్తి అందింది. నేటి మన సైకిళ్ళకు మూలరూపం అదే. ఇన్నేళ్ళలో ఎన్నో మార్పులు వచ్చినా చైను పనిచేసే తీరు దాదాపు అలాగే ఉంది.

మీ సైకిలు చైనును దగ్గరగా పరిశీలించండి. అందులో నాలుగు రకాల భాగాలు ఉంటాయి.

1. పక్క రేకులు: ఎనిమిది అంకె ఆకారంలో ఉండే రేకులు. ఒక జత లోపల, తరువాతి జత బయట వరుసగా వస్తాయి.
2. పిన్నులు: రేకులను కలిపి ఉంచే సన్నని ఉక్కు కడ్డీలు.
3. బుష్‌లు: పిన్ను చుట్టూ ఉండే చిన్న గొట్టాలు. పిన్ను వీటి లోపల తిరుగుతుంది.
4. రోలర్లు: బుష్ మీద తిరిగే ఉంగరాలు. చక్రం పళ్ళకు ఆనుకొనేవి ఇవే.

వీటితో పాటు చైను రెండు కొసలను కలిపే చైను లాకు ఒకటి ఉంటుంది. ఇది మూడు ముక్కలు. రెండు పిన్నులున్న రేకు ఒకటి, విడి రేకు ఒకటి, చేప ఆకారంలో ఉండే స్ప్రింగు క్లిప్పు ఒకటి.

ఒక పిన్ను మధ్య నుంచి పక్క పిన్ను మధ్య వరకు ఉండే దూరాన్ని ఈ పాఠంలో ఒక లింకు అందాం. కొత్త సైకిలు చైనులో ఆ దూరం సరిగ్గా అర అంగుళం, అంటే 12.7 మి.మీ. ఈ సంఖ్యను గుర్తుంచుకోండి. చైను పరీక్ష అంతా దీని మీదనే ఆధారపడి ఉంది.

9.4 చైను “సాగడం” అంటే ఏమిటి?

చైను వదులైతే “సాగిపోయింది” అంటాం. రబ్బరులా లాగితే సాగిందని అనుకుంటాం. నిజానికి రేకులు సాగవు. పిన్ను, దాని చుట్టూ ఉన్న బుష్ ఒకదానితో ఒకటి రాసుకొని అరుగుతాయి. ప్రతి కీలు దగ్గర వెంట్రుకవాసి ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీలన్నీ కలిస్తే చైను పొడవు పెరుగుతుంది.

ఒక చిన్న లెక్క చేద్దాం. ముందు చక్రానికి 48 పళ్ళు, ఫ్రీవీలుకు 18 పళ్ళు, చైనుకు 112 లింకులు ఉన్న సైకిలును తీసుకుందాం. పెడలు ఒక చుట్టు తిరిగితే వెనుక చక్రం 48 ÷ 18, అంటే సుమారు 2.67 చుట్లు తిరుగుతుంది. 28 అంగుళాల చక్రమైతే బండి దాదాపు 6 మీటర్లు ముందుకు పోతుంది. ఆపకుండా తొక్కుతూ 10 కిలోమీటర్లు పోవాలంటే పెడలు సుమారు 1,667 చుట్లు తిరగాలి. ఆ లోగా చైను మొత్తం 700 సార్లకు పైగా చుట్టి వస్తుంది. ప్రతి చుట్టులో ఒక్కొక్క కీలు నాలుగు సార్లు కదులుతుంది. ముందు చక్రం ఎక్కేటప్పుడు వంగుతుంది, దిగేటప్పుడు నిటారవుతుంది. వెనుక చక్రం దగ్గర మళ్ళీ అంతే. అంటే 10 కిలోమీటర్లకు ఒక్కొక్క కీలు సుమారు 2,850 సార్లు కదులుతుంది.

అన్నిసార్లు కదిలే కీలులో నూనె ఉంటే ఇనుము ఇనుముతో నేరుగా రాసుకోదు. ఇసుక, దుమ్ము ఉంటే ఆ కదలిక ఆకురాయి పెట్టి రాసినట్లవుతుంది. కాబట్టి చైనుకు మొదటి శత్రువు బరువు కాదు, లోపలికి చేరే ఇసుక.

మరొక సంగతి గమనించండి. చైను పొడవు పెరిగితే లింకుల దూరం చక్రం పళ్ళ దూరానికి సరిపోదు. రోలరు పంటి మొదట్లో కూర్చోక, పైపైకి ఎక్కుతుంది. పంటిని కూడా అరగదీస్తుంది. చిన్నదైన ఫ్రీవీలు ముందుగా అరుగుతుంది. ఎందుకంటే పై లెక్క ప్రకారం ముందు చక్రంలోని ఒక పన్ను 1,667 సార్లు పనిచేసేలోగా ఫ్రీవీలులోని ఒక పన్ను దాదాపు 4,445 సార్లు పనిచేస్తుంది. అరిగిన చైనును అలాగే వాడుతూ పోతే చైనుతో ఆగే ఖర్చు ఫ్రీవీలుకు, చివరికి ముందు చక్రానికి కూడా పాకుతుంది.

పాఠ్యాంశ ప్రశ్నలు 9.1

ఖాళీలు పూరించండి.
1. కొత్త చైనులో ఒక లింకు పొడవు ______ అంగుళం.
2. పిన్ను ______ లోపల తిరుగుతుంది.
3. చైను పొడవు పెరగడానికి కారణం రేకులు సాగడం కాదు. పిన్నులు, బుష్‌లు ______.

9.5 కావలసిన వస్తువులు, జాగ్రత్తలు

వస్తువులు: స్క్రూడ్రైవరు, కటింగ్ ప్లయరు, ఇరుసు నట్లకు సరిపోయే స్పానరు, పాత పళ్ళబ్రష్షు, వెడల్పాటి పాత డబ్బా లేదా మూతి పెద్దదైన సీసా, కిరసనాయిలు (దొరకని చోట డీజిలు), నూనె, పాతగుడ్డలు, ఇనుప టేపు, చిన్న ముక్కలు వేసుకోవడానికి ఒక మూత.

జాగ్రత్తలు:
• కిరసనాయిలు గాని డీజిలు గాని వాడేటప్పుడు దగ్గరలో పొయ్యి, దీపం, బీడీ ఉండకూడదు. ఆరుబయట పని చేయండి. పెట్రోలుతో ఎప్పుడూ కడగవద్దు. దాని ఆవిరి చాలా సులభంగా అంటుకుంటుంది.
• పెడలు తిరుగుతుండగా చైను, పళ్ళచక్రం కలిసే చోట వేలు పెట్టవద్దు. గుడ్డతో తుడిచేటప్పుడు గుడ్డ కొస పళ్ళలో చిక్కి, దానితో పాటు వేలు కూడా లోపలికి పోవచ్చు. చైనును తుడిచేటప్పుడు పెడలును వెనక్కు తిప్పండి. గుడ్డను కింది వరుస మధ్యలో పట్టుకోండి.
• పిల్లలు సైకిలు పక్కన ఆడుకోకుండా చూడండి. కిరసనాయిలును తాగే నీళ్ళ సీసాలో పోసి ఉంచవద్దు.
• చీర కొంగు, చున్నీ, లుంగీ అంచు పైకి దోపుకొని పని మొదలుపెట్టండి.

9.6 శుభ్రపరచడం

మొదట చైను కవరును చూడండి. సగం కవరు ఉంటే దాని స్క్రూలు విప్పి పక్కన పెట్టండి. చైనును పూర్తిగా మూసే కవరు ఉంటే వెనుక ముక్కను మాత్రం విప్పండి.

మొదటి మెట్టు: పెడలును మెల్లగా వెనక్కు తిప్పుతూ చైను లాకు ఎక్కడుందో చూడండి. అది ఫ్రీవీలు దగ్గరకు వచ్చినప్పుడు ఆపండి. చైను పళ్ళ మీద ఆగి ఉంటుంది కాబట్టి విప్పడం సులభం.

రెండవ మెట్టు: క్లిప్పుకు ఒక కొస మూసి, ఒక కొస చీలి ఉంటుంది. చీలిన కొస వెనుక స్క్రూడ్రైవరు మొన ఆనించి, మూసిన కొస వైపుకు మెల్లగా తోయండి. రెండవ చేతి వేలిని క్లిప్పుకు అడ్డం పెట్టండి. లేకుంటే అది ఎగిరి దుమ్ములో పడుతుంది. క్లిప్పును, విడి రేకును, పిన్నుల రేకును తీసి మూతలో వేయండి.

మూడవ మెట్టు: చైనును మెల్లగా లాగి తీయండి. కవరు పూర్తిగా మూసి ఉన్న సైకిలైతే తీసే ముందు చైను కొసకు గట్టి పురికొస కట్టండి. చైను బయటికి వచ్చేసరికి పురికొస దాని దారిలో నిలుస్తుంది. తిరిగి ఎక్కించేటప్పుడు దాన్ని పట్టుకొని లాగితే చాలు.

నాలుగవ మెట్టు: పైనున్న మట్టిని ముందు పొడిగానే గుడ్డతో తుడవండి. ఆ తరువాత చైనును కిరసనాయిలులో పావుగంట నుంచి 20 నిమిషాలు నాననివ్వండి. బ్రష్షుతో రెండు వైపులా రుద్దండి. ప్రతి కీలును అటూ ఇటూ వంచండి. అలా చేస్తేనే లోపలి ఇసుక బయటికి వస్తుంది. సీసాలో వేసి, మూత గట్టిగా బిగించి ఊపినా మంచిదే.

ఐదవ మెట్టు: నల్లబడిన కిరసనాయిలును వేరే డబ్బాలోకి వంచి, కొంచెం శుభ్రమైనది పోసి మరొకసారి కడగండి. చాలామంది ఈ రెండవసారి కడగడం మానేస్తారు. మొదటిసారి కదిలిన ఇసుక పూర్తిగా పోయేది మాత్రం ఈ రెండవసారే.

ఆరవ మెట్టు: చైనును గుడ్డతో తుడిచి, మేకుకు వేలాడదీసి, కనీసం రెండు మూడు గంటలు నీడలో ఆరనివ్వండి. తడి ఆరకుండా నూనె వేస్తే కీలులో మిగిలిన కిరసనాయిలు ఆ నూనెను పలుచన చేస్తుంది.

చైను ఆరేలోగా రెండు పళ్ళచక్రాలను గుడ్డతో శుభ్రంగా తుడవండి. ఫ్రీవీలు లోపలికి కిరసనాయిలు పోయవద్దు. లోపలి నూనె కడుక్కుపోతుంది.

వాడిన కిరసనాయిలును మురికికాలువలోనో చెట్టు మొదట్లోనో బావి దగ్గరో పారబోయవద్దు. మూత పెట్టి రెండు రోజులు కదపకుండా ఉంచండి. మడ్డి అడుగుకు చేరుతుంది. పైన తేరిన దానిని మరోసారి కడగడానికి వాడుకోవచ్చు.

9.7 నూనె వేయడం

ఏ నూనె వేయాలి?

కుట్టుమిషను నూనె పలుచగా ఉంటుంది. కీలులోకి త్వరగా దిగుతుంది, కాని వానకు త్వరగా కడుక్కుపోతుంది. మోటారు ఇంజనులో పోసే కొత్త నూనె కొంచెం చిక్కగా ఉంటుంది. దిగడానికి సమయం పడుతుంది, కాని ఎక్కువ రోజులు నిలుస్తుంది. రెండింటిలో ఏదైనా వాడవచ్చు. వానాకాలంలో చిక్కనిది మేలు.

ఏవి వేయకూడదు?

కొబ్బరినూనె, వంటనూనె వద్దు. కొన్నాళ్ళకు అవి జిగురులా మారి దుమ్మును అంటించుకుంటాయి. ఇంజను నుంచి తీసిన నల్లనూనె ఊరికే వస్తుంది కాబట్టి చాలామంది వాడతారు. అందులో మసి, లోహపు పొడి ఉంటాయి. అది చర్మానికి కూడా మంచిది కాదు. గ్రీజును చైను పైన పూయడం కూడా మంచి పద్ధతి కాదు. అది కీలు లోపలికి దిగదు, బయట దుమ్మును పట్టి ఉంచుతుంది.

ఎలా వేయాలి?

చైనును ముందుగా సైకిలుకు ఎక్కించి లాకు వేయండి. లాకు వేసే పద్ధతి 9.9లో ఉంది. లాకు దగ్గర మొదలుపెట్టి, కింది వరుస పైభాగాన ప్రతి రోలరు మీద ఒక్కొక్క చుక్క వేయండి. చుక్క లోపలి రేకు, బయటి రేకు కలిసే సందులోకి కూడా జారాలి. పిన్నుకు నూనె అందే దారి అదే. పెడలును కొంచెం కొంచెం వెనక్కు తిప్పుతూ లాకు మళ్ళీ వచ్చే వరకు వేయండి. 112 లింకులకు 112 చుక్కలు. పది నిమిషాల పని.

తరువాత పెడలును ఇరవై, ముప్పై చుట్లు వెనక్కు తిప్పి, పావుగంట ఆగండి. ఇప్పుడు పొడిగుడ్డతో చైను పైభాగాన్ని గట్టిగా తుడిచేయండి. “వేసిన నూనెను తుడిచేయడం ఎందుకు?” అని మీరు అడగవచ్చు. నూనె పని చేసేది కీలు లోపల. బయట మిగిలిన నూనె దుమ్మును పిలుస్తుంది. తళతళా తడిసి కనిపించే చైను బాగా నూనె పట్టిన చైను కాదు. వేలితో తాకితే సన్నని మరక మాత్రమే అంటితే అది సరైన స్థితి.

ఎప్పుడెప్పుడు చేయాలి?

రోజూ తొక్కే సైకిలుకు పదిహేను రోజులకు ఒకసారి పొడిగుడ్డతో తుడవడం, నెలకు ఒకసారి నూనె వేయడం మంచి అలవాటు. విప్పి కడగడం చైను మురికిని బట్టి రెండు మూడు నెలలకు ఒకసారి సరిపోతుంది. వానలో తడిసినా, నీళ్ళు నిలిచిన పొలంగట్టు మీద నడిచినా ఇంటికి రాగానే తుడిచి, ఆరిన తరువాత నూనె వేయండి. సముద్రతీరంలో ఉప్పుగాలికి తుప్పు తొందరగా పడుతుంది కాబట్టి ఇంకా తరచుగా చూడాలి. చైను కీచుమంటే ఇక తేదీ కోసం ఆగవద్దు. కీలు ఎండిపోయిందని అది మీకు చెబుతున్నది.

పాఠ్యాంశ ప్రశ్నలు 9.2

తప్పో ఒప్పో చెప్పండి.
1. చైనును పెట్రోలుతో కడగడం మంచిది.
2. నూనె వేసిన తరువాత చైను పైభాగాన్ని తుడవాలి.
3. కొబ్బరినూనె చైనుకు తగిన నూనె.
4. గుడ్డతో తుడిచేటప్పుడు పెడలును వెనక్కు తిప్పాలి.

9.8 చైనును మార్చాలా? కొలిచి చూడండి

కడిగిన చైను మేకుకు వేలాడుతుండగా కొలవడం సులభం. తన బరువుకు తానే నిటారుగా ఉంటుంది. ఒక పిన్ను మధ్యకు టేపు సున్నాను ఆనించండి. ఆ పిన్నును లెక్కపెట్టకుండా, కిందికి 24 పిన్నులు లెక్కించండి. 24వ పిన్ను మధ్య ఏ గీత దగ్గర ఉందో చూడండి.

• 12 అంగుళాలు (305 మి.మీ.) ఉంటే: చైను బాగుంది.
• 12 అంగుళాల మీద అంగుళంలో పదహారో వంతు (సుమారు 306.5 మి.మీ.) ఉంటే: సగం పైగా అరిగింది. కొత్త చైనుకు డబ్బు కూడబెట్టుకోండి.
• 12 అంగుళాల మీద అంగుళంలో ఎనిమిదో వంతు (308 మి.మీ.) లేదా అంతకంటే ఎక్కువ ఉంటే: వెంటనే మార్చండి.

ఈ చివరి కొలత నూటికి ఒక వంతు పెరుగుదల. చిన్నదే అనిపిస్తుంది. కాని 112 లింకుల చైను మొత్తం 56 అంగుళాలు కాబట్టి అది అర అంగుళానికి పైగా పొడవు పెరిగినట్లే. చైనును వేరువేరు చోట్ల మూడుసార్లు కొలిచి, ఎక్కువ వచ్చిన కొలతనే లెక్కలోకి తీసుకోండి.

టేపు లేనప్పుడు ఒక సుళువైన పరీక్ష ఉంది. చైను సైకిలు మీద ఉండగానే, పెద్ద చక్రం ముందు భాగంలో చైనును వేళ్ళతో ముందుకు లాగండి. పన్ను సగానికి పైగా బయటికి కనిపిస్తే చైను బాగా అరిగిందని అర్థం.

ఇక్కడ ఒక హెచ్చరిక. చైను వదులైందంటే కొన్నిచోట్ల లింకులు తీసి, కురచ చేసి బిగిస్తారు. అప్పటికి వేలాడడం తగ్గుతుంది. కాని మిగిలిన ప్రతి లింకు అర అంగుళానికి మించే ఉంటుంది. జ్వరం వచ్చిన మనిషికి దుప్పటి మార్చినట్లే గాని, జ్వరం తగ్గదు. పళ్ళు అరగడం ఆగదు. కొలత 12 అంగుళాల దగ్గరే ఉండి చైను వదులైతే వెనుక చక్రాన్ని కొంచెం వెనక్కు జరిపి బిగిస్తే చాలు. కొలత ఎనిమిదో వంతు దాటితే మార్చవలసిందే. మార్చమని గాని వద్దని గాని ఎవరు చెప్పినా, టేపు చెప్పినదాన్ని నమ్మండి.

9.9 కొత్త చైను బిగించడం

పళ్ళను చూడండి: ముందుగా ఫ్రీవీలు పళ్ళను పరిశీలించండి. రెండు వైపులా సమానంగా ఉంటే మంచిదే. ఒక వైపు కొడవలి మొనలా వంగి ఉంటే ఫ్రీవీలు కూడా మార్చాలి. అరిగిన పళ్ళ మీద కొత్త చైను వేస్తే బరువు పడినప్పుడు ఎగురుతుంది. పాలక్యాన్ల మనిషికి జరిగినదే మళ్ళీ జరుగుతుంది.

పొడవు సరిచూడండి: కొత్త చైనును పాతదాని పక్కన పరిచి పొడవు కొలవవద్దు. పాతది అరిగి పొడవు పెరిగింది కదా! రెండింటి లింకులను లెక్కించండి. కొత్తదానిలో ఎక్కువ ఉంటే అదనపు లింకుల దగ్గర పిన్నును తోసి తీయాలి. ఇందుకు వేరే పనిముట్టు ఉంది. అది లేకపోతే ఆ ఒక్క పనిని సైకిలు షాపులో చేయించుకోండి. రెండు కొసల్లోనూ లోపలి రేకులే ఉండాలి. అప్పుడే లాకు పడుతుంది.

ఎక్కించండి: చైనును ముందు చక్రం మీదుగా తెచ్చి, రెండు కొసలను ఫ్రీవీలు పళ్ళ మీద పక్కపక్కన నిలపండి. పళ్ళే వాటిని పట్టి ఉంచుతాయి. పిన్నుల రేకును చక్రం వైపు నుంచి గుచ్చండి. బయటి వైపు విడి రేకు తొడగండి. పిన్నుల గాళ్ళలో క్లిప్పు కూర్చునే వరకు ప్లయరుతో నెట్టండి.

క్లిప్పు దిశ: క్లిప్పు మూసిన కొస చైను నడిచే దిక్కుకు ఉండాలి. సైకిలు ముందుకు పోతున్నప్పుడు చైను పైవరుస ముందుకు, కింది వరుస వెనక్కు కదులుతుంది. కాబట్టి లాకు పైవరుసలో ఉన్నప్పుడు మూసిన కొస పెడళ్ళ వైపు, కింది వరుసలో ఉన్నప్పుడు వెనుక చక్రం వైపు ఉండాలి. తిరగేసి పెడితే చీలిన కొసకు ఏదైనా తగిలి క్లిప్పు ఊడిపోవచ్చు. క్లిప్పు పాతదై వదులుగా ఉంటే కొత్తది వేయండి.

బిగువు: వెనుక ఇరుసు నట్లను వదులుచేసి, చక్రాన్ని వెనక్కు జరపండి. కింది వరుస మధ్యలో వేలితో పైకీ కిందికీ కదిపితే మొత్తం కదలిక సుమారు అర అంగుళం ఉండాలి. పెడలును ఒక పూర్తి చుట్టు తిప్పుతూ నాలుగు చోట్ల చూడండి. చైను అన్నింటికంటే బిగువుగా ఉన్న చోట కూడా ఆ కొద్ది కదలిక ఉండాలి. మరీ బిగిస్తే తొక్కడం బరువవుతుంది, బేరింగులు అరుగుతాయి. మరీ వదిలితే చైను ఊడుతుంది.

చక్రం తిన్నగా: టైరుకు రెండు వైపులా ఉన్న ఫ్రేము గొట్టాల నుంచి దూరం సమానంగా ఉందో లేదో చూసి, రెండు నట్లను కొంచెం కొంచెంగా మార్చి మార్చి బిగించండి.

చివరి పరీక్ష: చక్రం జరిగింది కాబట్టి వెనుక బ్రేకు రబ్బర్లు సరిగ్గా రిమ్ముకు ఆనుతున్నాయో లేదో తప్పక చూడండి. ఇది మరిచిపోతే చైను బాగై, బ్రేకు పాడైన బండి మీద వెళ్ళినట్లవుతుంది. సైకిలును స్టాండు వేసి పెడలు తిప్పండి. తరువాత ఖాళీ చోట మెల్లగా తొక్కి చూడండి. ఆ తరువాతనే బరువు వేసుకోండి.

కొత్త చైనుకు ఫ్యాక్టరీలోనే నూనె పట్టించి ఉంటుంది. దానిని కడగవద్దు. పైన మాత్రం పొడిగుడ్డతో తుడిస్తే చాలు.

గమనిక: వెనుక అనేక పళ్ళచక్రాలున్న గేరు సైకిళ్ళ చైను సన్నగా ఉంటుంది. లింకు పొడవు మాత్రం అదే అర అంగుళం. కడగడం, నూనె వేయడం, కొలవడం ఇలాగే చేయవచ్చు. వాటిలో చైనును పదహారో వంతు దగ్గరే మార్చడం మంచిది. పొడవు చూసుకొని కలిపే పద్ధతి మాత్రం వేరు.

పాఠ్యాంశ ప్రశ్నలు 9.3

1. 24 లింకుల కొలత 308 మి.మీ. వచ్చింది. మీరేం చేస్తారు?
2. లాకు కింది వరుసలో ఉంది. క్లిప్పు మూసిన కొస ఏ వైపు ఉండాలి?
3. వెనుక చక్రం జరిపిన తరువాత తప్పక చూడవలసిన భాగం ఏది?

9.10 భాషాంశం: పని వరుసను చెప్పడం

ఈ వాక్యాన్ని చదవండి.

చైనును విప్పి, కడిగి, ఆరబెట్టి, నూనె వేయాలి.

ఇందులో విప్పి, కడిగి, ఆరబెట్టి అనే క్రియలతో అర్థం పూర్తి కాదు. వీటిని అసమాపక క్రియలు అంటారు. ఒక పని ముగిసిన తరువాత మరొక పని జరుగుతుందని తెలిపే ఇటువంటి రూపాన్ని క్త్వార్థకం అంటారు. వాక్యంలో ఈ క్రియల వరుస మారితే పని వరుస మారిపోతుంది. “నూనె వేసి, కడిగి” అని రాస్తే నూనె దండగే!

మరో రెండు రూపాలు చూడండి.

ఆరబెట్టకుండా నూనె వేయవద్దు. (పని జరగలేదని తెలిపే రూపం: వ్యతిరేకార్థకం)
ఇసుక చేరితే చైను అరుగుతుంది. (ఒక పని జరిగితే మరొకటి జరుగుతుందని తెలిపే రూపం: చేదర్థకం)

9.11 సారాంశం

చైను సాగదు, కీళ్ళ దగ్గర అరుగుతుంది. అరుగుదలకు ముఖ్య కారణం లోపలికి చేరే ఇసుక. చైనును విప్పి, రెండుసార్లు కడిగి, ఆరబెట్టి, ప్రతి రోలరుకు ఒక చుక్క నూనె వేసి, పైభాగాన్ని తుడవాలి. 24 లింకులు 12 అంగుళాలు ఉండాలి. ఎనిమిదో వంతు అంగుళం పెరిగితే చైను మార్చాలి. సమయానికి మార్చిన చైను ఫ్రీవీలును, పెద్ద చక్రాన్ని, అన్నిటికంటే ముఖ్యంగా తొక్కే మనిషిని కాపాడుతుంది.

9.12 పాఠ్యాంత ప్రశ్నలు

1. చైను “సాగడానికి” అసలు కారణాన్ని ఐదు వాక్యాలలో వివరించండి.
2. వదులైన చైనులో లింకులు తీసి బిగించడం ఎందుకు సరైన పరిష్కారం కాదు?
3. మీ పొరుగింటి అక్కకు కొత్తగా సైకిలు వచ్చింది. చైనుకు నూనె వేసే పద్ధతిని ఆమెకు చెబుతున్నట్లుగా పది వాక్యాలలో రాయండి. కనీసం నాలుగు క్త్వార్థకాలు వాడండి.
4. చేసి చూడండి: మీ ఇంట్లో గాని, పక్కింట్లో గాని ఉన్న సైకిలు చైనును కొలవండి. తేదీ, కొలత ఒక కాగితం మీద రాసి ఉంచండి. మూడు నెలల తరువాత మళ్ళీ కొలిచి పోల్చండి.

9.13 పాఠ్యాంశ ప్రశ్నలకు జవాబులు

9.1: 1. అర 2. బుష్ 3. అరగడం
9.2: 1. తప్పు 2. ఒప్పు 3. తప్పు 4. ఒప్పు
9.3: 1. చైనును వెంటనే మారుస్తాను. ఫ్రీవీలు పళ్ళను కూడా పరిశీలిస్తాను. 2. వెనుక చక్రం వైపు. 3. వెనుక బ్రేకు.